తిప్పి చూడని చెయ్యి

"మూడు రేకలుగా ఒలవమన్నాను. ఇదేమిటి, కోతి చేతిలో పడ్డట్టు?"

వంటింటి బల్ల మీద పళ్లెంలో పరిచిన కమలా తొక్కల్ని తూ సూచిన్ ఒక్కొక్కటే తిరగేసి చూసింది. పండుకి మూడు గాట్లు పెట్టి, తొడిమ దగ్గర విడిపోకుండా ఒలిస్తే తొక్క మూడు రేకల పువ్వులా విచ్చుకుంటుంది. ఆమె భర్త గెన్‌షెంగ్ పొద్దున్నే లేచి, సాయం చేద్దామని రెండు కిలోల పళ్లు ఒలిచి పెట్టాడు. కొన్ని తొక్కలు ఏడు ముక్కలు, కొన్ని తొమ్మిది. ఒకటి మాత్రం పొడుగ్గా పాములా ఉంది.

"తొక్క తొక్కేగా," అన్నాడు గెన్‌షెంగ్. "పువ్వులా ఉంటే ఒకలాగా, పాములా ఉంటే ఇంకోలాగా పనిచేస్తుందా?"

"ముక్కలైతే అంచులు ముందే ఎండి రాలిపోతాయి. దారానికి గుచ్చి వేలాడదీయడానికి ఉండదు. పదేళ్లు దాచి మందులో వాడాల్సిన వస్తువు."

"పదేళ్లకి నేనుంటానో లేదో."

"నువ్వుంటావు ముసలాయనా. తొక్కలే ఉండవు."

కిటికీ దగ్గర కాళ్ల కింద నిప్పుల బుట్ట పెట్టుకుని కూర్చున్న అత్తగారు తలెత్తింది. ఆవిడకి ఎనభై నాలుగు. మాటల్లో సగం వినబడతాయి, మిగతా సగం తనే పూరించుకుంటుంది. "వాళ్ల నాన్నా ఇంతే. తొక్కతో సహా మింగేసేవాడు," అంది.

"ముప్ఫయ్యేళ్లు బస్సు నడిపాను, రోడ్డు మీద ఒక్క కోడిని చంపలేదు. చివరికి తొక్క ఒలవడం చేతకానివాణ్ణయ్యాను," అన్నాడు గెన్‌షెంగ్ కత్తి కడుగుతూ.

కోడలు హుయ్‌జూ గుమ్మం దగ్గర నిలబడే బియ్యపు సేమ్యా తింటోంది. ఆమె పనిచేసేది కూడా సూచిన్ వైద్యురాలిగా కూర్చునే మందుల కొట్లోనే. "ఊరుకోండి నాన్నా. మీకు రెండు కిలోలతో పోయింది. మేం రోజంతా అమ్మ కళ్ల ముందు తూకం వెయ్యాలి. ఒక్క గ్రాము అటూ ఇటూ అయితే ఆవిడకి దగ్గొస్తుంది."

సూచిన్‌కి నిజంగానే దగ్గొచ్చింది. హుయ్‌జూ గిన్నె చాటున నవ్వుకుంది.

తొక్కల మీద అంత రాద్ధాంతం ఎందుకో అందరికీ తెలుసు. నిన్న సాయంత్రం నది ఒడ్డు రోడ్డు పొడుగునా గోడపత్రికలు వేశారు. ఆదివారం జరిగే మందుల సంతలో వైద్యులకి నాడి చూసే పోటీ. అయిదుగురు వైద్యుల ఫొటోల మధ్యలో సూచిన్ ఫొటో అందరికంటే పెద్దది. ఆమెని అడిగి వేసింది కాదు.

*

పాత వీధి చివర, కాన్ నది వైపు తలుపులున్న ఆ మందుల కొట్లో సూచిన్ ముప్ఫయ్యొకటో ఏడు కూర్చుంటోంది. గుమ్మానికి ఎడమ పక్కన ఒక బల్ల, ఒక కుర్చీ, మణికట్టు ఆన్చుకోవడానికి ఊక కుట్టిన చిన్న దిండు. ఎదురుగా గోడంతా దినుసుల సొరుగులు. రోగి చెయ్యి చాపుతాడు, ఆమె చూసి చీటీ రాస్తుంది, నాలుగడుగుల అవతల హుయ్‌జూ చేతి త్రాసుతో తూచి పొట్లాలు కడుతుంది. సూచిన్ కంటే ముందు ఆ కుర్చీలో ఆమె గురువు నియె కూర్చునేవాడు. ఆయన పక్కన ఏడేళ్లు నిలబడి, ఆయన చూసిన ప్రతి చెయ్యీ తర్వాత తను చూసి, ఆమె పని నేర్చుకుంది.

చెయ్యి చాపి నోరు మూసుకుని కూర్చునే రోగులు ఆ రోజుల్లోనూ ఉండేవాళ్లు. ఏం బాధో చెప్పరు. వైద్యుడు కనిపెడతాడా లేదా అని కళ్లప్పగించి చూస్తారు. నియె అలాంటివాళ్ల చేతిని మెల్లిగా వెనక్కి నెట్టేవాడు. "అవతలి వీధిలో పశువుల డాక్టరున్నాడు నాయనా. అడక్కుండా వైద్యం చేసేది ఆయనొక్కడే. అక్కడికి పో," అనేవాడు. చూడటం, వినడం, అడగడం, తాకడం. ఈ నాలుగింటిలో తాకడం ఆఖరిదని ఆయన సూచిన్‌కి మొదటిరోజే చెప్పాడు.

రెండేళ్ల కిందట కొట్టు ముసలి షావ్ చేతిలోంచి ఆయన కొడుకు యిఫాన్ చేతికొచ్చింది. యిఫాన్ చెడ్డవాడు కాదు. పైకప్పు బాగుచేయించాడు, కషాయం కాచి సంచుల్లో పోసే యంత్రాలు తెచ్చాడు, పనివాళ్లకి సెలవులు పెంచాడు. సూచిన్ వాటిలో దేనికీ అడ్డు చెప్పలేదు. ఈ వసంతంలో మాత్రం అతను గుమ్మం మీద ఎర్రగుడ్డ కట్టించాడు. దాని మీద పసుపు అక్షరాలతో ఇలా ఉంది: "నోరు విప్పక్కర్లేదు. మూడు వేళ్లే చెబుతాయి."

"ఇది తీసెయ్ బాబూ," అంది సూచిన్ ఆ రోజే.

"ఒక్క నెల చూద్దాం పిన్నీ," అన్నాడతను.

నెల తిరిగేసరికి పక్క ఊళ్ల నుంచి కూడా జనం రావడం మొదలుపెట్టారు. నోళ్లు బిగించుకుని, ఫోన్లు పైకెత్తి పట్టుకుని వచ్చేవాళ్లు. సూచిన్ పదిమందిలో ఏడుగురికి సరిగ్గానే చెప్పేది. నడిచొచ్చిన తీరు, కూర్చున్న తీరు, గోళ్ల రంగు, ఊపిరి వాసన, వాటి మీద మూడు వేళ్లు. అన్నీ కలిస్తే ఏడుగురి సంగతి తెలిసిపోయేది. చెప్పిన ప్రతిసారీ చుట్టూ ఉన్నవాళ్లు "అమ్మో" అనేవాళ్లు. ఆ అమ్మో చెవికి ఇంపుగానే ఉండేదని సూచిన్ ఎవరితోనూ అనలేదు. ఎర్రగుడ్డ తీసెయ్యమని రెండోసారి అడగలేదు కూడా.

*

ఆ ఉదయం ఆమె ముందు తొమ్మిదో మనిషిగా వెన్ షియూ కూర్చుంది. రేవు దగ్గర బియ్యపు సేమ్యా పట్టే మిల్లు ఆవిడదే. ఎడమ ముక్కులో దూది ఉంది.

"గుర్తున్నానా డాక్టరమ్మా?"

"పన్నెండు రోజుల కిందట వచ్చావు షియూ."

"వచ్చాను. నోరు విప్పక్కర్లేదన్నారని విప్పలేదు. మీరు బలహీనత, రక్తం చాలదు అన్నారు. అందరూ అమ్మో అన్నారు. నేనూ అన్నాను." షియూ దూదిని వేలితో సర్దుకుంది. "పదిరోజులు తాగాను మీ కషాయం. నిద్ర పోయింది. నోరు పుండయింది. నాలుగు రోజులుగా పొద్దున లేవగానే ముక్కులోంచి రక్తం. మా ఆయన, నీకు బలం మరీ ఎక్కువైందే, ఎద్దుతో పాటు దున్ను పో అంటున్నాడు."

వెనక వరసలో ఎవరో కిసుక్కున నవ్వారు. సూచిన్ నవ్వలేదు. హుయ్‌జూ వైపు చూసింది. హుయ్‌జూ పాత చీటీల దొంతర తీసి, పన్నెండు రోజుల కిందటి నకలు తెచ్చి బల్ల మీద పెట్టింది. బలానికిచ్చే ఎర్ర జిన్‌సెంగ్ వేరు, దాల్చిన చెక్క, వేడిచేసే మూలికలు మూడు రకాలు. చేతిరాత సూచిన్‌దే, ముద్ర సూచిన్‌దే. నాడి గురించి రాసిన మాట కూడా ఉంది: "దారంలా సన్నం, లోతు, దాదాపు అందదు."

ఆ రోజు బాగానే గుర్తుంది. షియూ చుట్టూ ఫోన్లు పట్టుకుని ఆరుగురు. మొహం తెల్లగా ఉంది. వేళ్ల కింద నాడి ఉందా లేదా అన్నంత పల్చగా ఉంది, రెండు చేతులకీ. ఇంత బలహీనంగా ఉండి ఈ మనిషి మిల్లు ఎలా నడుపుతోందని ఒక్క క్షణం అనుమానం వచ్చింది కూడా. ఆ క్షణంలోనే ఒక ఫోను ఇంకాస్త దగ్గరికి జరిగింది. ఆమె నోటికి వచ్చింది చెప్పేసింది.

"చెయ్యి ఇలా పెట్టు," అంది సూచిన్.

షియూ చెయ్యి చాపింది గానీ అరచేతిని కిందికే పెట్టింది. "ముందు ఇది చూడండి, నిన్న ఆవిరికి కాలింది," అంటూ వేళ్ల దగ్గర బొబ్బ చూపించింది. నది మీది నుంచి పొద్దుటి ఎండ ఏటవాలుగా బల్ల మీద పడుతోంది. ఆ వెలుతురులో, మణికట్టు వెనక వైపు, బొటనవేలి ఎముక పక్కన, చర్మం లేచి పడుతూ కనబడింది. లేస్తోంది, పడుతోంది. కప్ప గొంతులా కొట్టుకుంటోంది.

సూచిన్ తన మూడు వేళ్లూ అక్కడ, చేతి వెనక, పెట్టింది. నాడి వేళ్లని పైకి తోసింది. నిండుగా, వేగంగా, వెదురు బద్దంత గట్టిగా ఉంది.

"షియూ, చిన్నప్పటి నుంచీ ఇది ఇక్కడే కొట్టుకుంటుందా?"

"మరెక్కడ కొట్టుకుంటుంది?"

"అందరికీ లోపలి వైపు ఉంటుంది."

షియూ తన చేతిని ఎప్పుడూ చూడనట్టు చూసుకుంది. "మా అమ్మకీ ఇక్కడే. మా అక్కకీ. మీరు అటువైపు నొక్కుతుంటే, పెద్ద డాక్టరు కదా, ఏదో కొత్త పద్ధతేమో అనుకున్నాను."

"అప్పుడే చెప్పొద్దా?"

"మీ గుమ్మం మీద ఏం రాశారు డాక్టరమ్మా?"

వరసలో ఈసారి ఎవరూ నవ్వలేదు.

నాడి వెనక్కి తిరిగిన మనుషులు ఉంటారని నియె ఆమెకి రెండో ఏట చెప్పాడు. "వేళ్లకి నాడి అందలేదనుకో, మనిషి పోయాడని ఏడ్చే ముందు చెయ్యి తిప్పి చూడు," అనేవాడు. ముప్ఫయ్యొక్క ఏళ్లలో అలాంటివాళ్లని ఆమె పదకొండు మందిని చూసింది. పదకొండుసార్లూ తిప్పి చూసింది. పన్నెండోసారి తిప్పలేదు.

"నాలుక చూపించు."

షియూ నోరు తెరిచింది. నాలుక కొస ఎర్రగా మండుతోంది, మధ్యలో పచ్చటి పొర దళసరిగా ఉంది. ఆ రోజు ఈ నాలుక చూసి ఉంటే జిన్‌సెంగ్ మాట కలం చివరికి వచ్చేదే కాదు. నోరు విప్పనివాళ్ల నాలుక ఎలా చూస్తారు? పక్కన నిలబడి నేర్చుకునే తొలి ఏడాది పిల్లలకి తెలిసిన సంగతిది. ఏడు నెలలుగా ఆమె మూసిన నోళ్లకి మందు రాస్తోంది.

"ఆ రోజు మొహం తెల్లగా ఎందుకుంది నీకు?"

"మిల్లులోంచి నేరుగా వచ్చాను. పిండి."

సూచిన్ సొరుగు లోంచి రక్తపోటు పట్టీ తీసి చుట్టింది. అంకె ఎక్కువగానే ఉంది. ఆ తర్వాత అడగడం మొదలుపెట్టింది. ఎప్పుడు నిద్ర లేస్తావు, నీళ్లు చల్లవా వేడివా, ఏం తింటే మంట, దొడ్డికి ఎన్నాళ్లకి ఒకసారి. షియూ మొదట సిగ్గుపడింది, తర్వాత కట్ట తెగినట్టు చెప్పుకుపోయింది. మూడు నెలలుగా కడుపులో మంట, నాలుగు రోజులకి ఒకసారి విరేచనం, కొత్త కోడలితో పేచీ. వెనకవాళ్లు గడియారాలు చూసుకున్నారు. సూచిన్ తొందరపడలేదు. చివరికి పాత కషాయం పారబొయ్యమంది, చలవచేసే దినుసులతో, విరేచనం చేసే రేవల్చిన్ని వేరుతో మూడే మూడు రోజులకి కొత్త చీటీ రాసింది. మధ్యాహ్నం లోపల పట్టణ ఆసుపత్రిలో ముక్కూ రక్తపోటూ చూపించుకుని, వాళ్లు ఏమన్నారో వచ్చి చెప్పమంది.

తర్వాత పాత నకలు ముందుకు లాక్కుంది. తను రాసిన నాడి మాటని ఒక గీతతో కొట్టేసి, కింద రాసింది: "నాడి చేతి వెనక ఉంది. తిప్పి చూడలేదు. నాలుక చూడలేదు. అడగలేదు. తప్పు నాది. తూ సూచిన్." ముద్ర ఎర్ర సిరాలో అద్ది పేరు మీద నొక్కింది. రాసింది రాసినట్టు వరసలో ఉన్నవాళ్లందరికీ వినబడేలా చదివింది.

"షియూ, ఈ పదిరోజుల బాధకి నేను బాధ్యురాలిని. క్షమించమని అడుగుతున్నాను."

షియూ ఇబ్బందిగా కదిలింది. "అయ్యో, ఇంత మందిలో ఎందుకు డాక్టరమ్మా. ముక్కే కదా."

"ఇంత మందిలోనే కదా నీకు తప్పు చెప్పాను."

*

యిఫాన్ కషాయం యంత్రాల గదిలోకి పిలిచాడు. ఆవిరి, తడి మూలికల వాసన, గుడగుడ. తలుపు దగ్గరికి వేసి, టీ పోసి రెండు చేతులతో ఇచ్చాడు.

"పిన్నీ, ఎవరికి జరగదు? అయిపోయింది. ఆ చీటీ ఒకటి నాకివ్వండి, చాలు."

"నకళ్లు రెండేళ్లు దాచాలి. నీకు తెలుసు."

"దాస్తాను. నా గదిలో దాస్తాను."

"దాని చోటు దొంతరలో."

యిఫాన్ నవ్వుతూనే ఉన్నాడు. "ఆదివారం సంత. మీ ఫొటో ఊరంతా ఉంది. తెర వెనక ఇరవైమంది కూర్చుంటారు, చేతులు మాత్రమే బయటికి. ఎక్కువ చెప్పినవాళ్లకి 'బంగారు వేళ్లు' బిరుదు. మీకే వస్తుంది, నాకు సందేహం లేదు. ఇప్పుడు ముక్కు రక్తం కథ ఊళ్లో తిరిగిందంటే నేనేం చెయ్యను?"

"తెర వెనక ఉన్నవాళ్లకి నాలుకలు ఉంటాయా?"

"పిన్నీ."

"అడుగుతున్నాను. మొహాలు ఉండవు, మాటలు ఉండవు. వట్టి చేతులు. మాంసం కొట్లో వేలాడే కాళ్లు చూసి పంది ఏం తిని పెరిగిందో చెప్పమన్నట్టుంది."

"జనానికి అది కావాలి. చేత్తో తాకి లోపలి సంగతి చెప్పడం. దాని కోసమే వస్తున్నారు. నలభై ఏళ్లుగా మన వైద్యం పాతబడిందని అందరూ తీసిపారేస్తుంటే, ఇప్పుడు కుర్రాళ్లు కూడా వచ్చి చెయ్యి చాపుతున్నారు. అది మీకు ఇష్టం లేదా?"

ఆ మాట సూచిన్‌ని తాకింది. అందులో నిజం ఉంది. టీ కప్పు కింద పెట్టింది.

"చెయ్యి చాపుతున్నారు. నోరు మూసి చాపుతున్నారు," అంది. "వాళ్లకి మనం నేర్పింది అదీ. ఎగతాళి చేసినవాళ్లు నలభై ఏళ్లు ఈ వైద్యాన్ని మాటలతో కొట్టారు, అది చావలేదు. మనం దాన్ని గారడీ చేసి చంపుతున్నాం. ఏడు నెలలు నేనూ చేశాను. ఇక చెయ్యను."

యిఫాన్ నవ్వు ఆపాడు. గొంతు మాత్రం పెంచలేదు. "అయితే నేనూ సూటిగా చెబుతాను పిన్నీ. కౌంటీ ఆసుపత్రిలో రిటైరైన ఒకాయన ఇక్కడ కూర్చోడానికి సిద్ధంగా ఉన్నాడు. ఆదివారం మీరు రాకపోయినా, వచ్చి ఈ కథ చెప్పినా, సోమవారం నుంచి ఆ కుర్చీ ఆయనది. ఆ కుర్చీ మా నాన్న మీకిచ్చింది. హుయ్‌జూ కూడా ఇక్కడే పనిచేస్తోంది, అది కూడా చూసుకోండి."

"మీ నాన్న నాకు కుర్చీ ఇచ్చాడు. నిజమే. కూర్చుని ఏం చెయ్యాలో మాత్రం ఆయన ఎప్పుడూ చెప్పలేదు," అంది సూచిన్ లేస్తూ.

బయటికి వచ్చేసరికి హుయ్‌జూ సొరుగుల ముందు నిలబడి త్రాసు పట్టుకుని ఉంది. తూకం వేసేటప్పుడు మాట్లాడకూడదనేది ఆ కొట్టు నియమం. ఆమె మాట్లాడలేదు. పాత నకళ్లు గుచ్చే ఇనప చువ్వ వైపు గడ్డంతో చూపించింది. షియూ చీటీ యిఫాన్ చేతికి చిక్కకుండా అన్నిటికంటే అడుగున, కనీసం మూడువందల కాగితాల కింద ఉంది.

*

సాయంత్రం భోజనానికి బియ్యప్పిండి పట్టించి ఆవిరికి ఉడికించిన పంది మాంసం, ఎండుమిరపకాయలతో నది చేప, ఆకుకూర. గెన్‌షెంగ్ వంటే. అతను భార్య గిన్నెలో చేప పొట్ట ముక్క పెట్టి, కొట్లో జరిగిందంతా రెండుసార్లు చెప్పించుకుని, తన ఆలోచన చెప్పాడు.

"ఆదివారం నీకు జ్వరం."

"నాకు జ్వరం లేదు."

"ఆదివారానికి వస్తుంది. వెళ్లొద్దు, చెప్పొద్దు. రోగం వస్తే ఎవడేమంటాడు? సోమవారం పొద్దున ఎప్పటిలా పోయి కూర్చో. యిఫాన్ రెండు రోజులు మొహం ముడుచుకుంటాడు, తర్వాత మర్చిపోతాడు."

"జ్వరం నాకు తెప్పించు," అంది అత్తగారు, ఈసారి ఎలాగో అంతా విని. "నేను ముసలిదాన్ని. నమ్ముతారు."

హుయ్‌జూ పకపకా నవ్వింది. ఆమె దగ్గర అంతకంటే మంచి ఉపాయం ఉంది. అది చెప్పడానికి పొద్దుటి నుంచీ నాలుక దురద పెడుతున్నట్టుంది. చాప్‌స్టిక్స్ కింద పెట్టి ముందుకు వంగింది. "అమ్మా, షియూ అత్తని తెర వెనక కూర్చోబెడదాం. నేను మాట్లాడతాను, ఆవిడ వస్తుంది. ఆ నలుగురు డాక్టర్లూ ఆవిడ చెయ్యి పట్టుకుని, ప్రాణం పోయేలా ఉంది, జిన్‌సెంగ్ పెట్టండి అంటారు. మీరొక్కరే చెయ్యి తిప్పుతారు. అప్పుడు తెర తీస్తాం. ముక్కులో దూదితో సహా. యిఫాన్‌కి నోట మాట రాదు, బిరుదు మీకొస్తుంది, కుర్చీ ఎక్కడికీ పోదు."

గెన్‌షెంగ్ బల్ల మీద చరిచాడు. "అదీ. నా కోడలు బస్సు నడపాల్సింది."

సూచిన్ చేప ముల్లు తీసి పళ్లెం అంచున పెట్టింది. ఉపాయం బాగుంది. ఒక్క క్షణం ఆ దృశ్యం కళ్ల ముందు కదిలింది కూడా: నలుగురు మొగవాళ్లు, మైకులు, తెర లాగేసిన చప్పుడు, అమ్మో. ఆ అమ్మో చెవిలో వినబడగానే ఆమెకి ఏం చెయ్యకూడదో తెలిసిపోయింది.

"వద్దు," అంది.

"ఎందుకమ్మా?"

"షియూ ముక్కులో దూది నా వల్ల వచ్చింది. దాన్ని తీసుకెళ్లి ఇంకో నలుగురి మొహాన పులిమి, నేను బిరుదు తెచ్చుకోవాలా? వాళ్లలో ఎవరికైనా అడగనిస్తే తెలిసేది. నాకూ తెలిసేది."

"మరైతే మామ్మగారి జ్వరమేనా?"

"జ్వరం కూడా వద్దు. ముసలాయనా, నువ్వు చెప్పినట్టు చేస్తే కుర్చీ దక్కుతుంది. నిజమే. గుమ్మం మీద ఎర్రగుడ్డ కూడా దక్కుతుంది. దాని కింద కూర్చుని ఇంకొక షియూని చూస్తాను. ఈసారి ముక్కుతో ఆగుతుందో లేదో ఎవరు చెప్పారు?"

గెన్‌షెంగ్ ఆమె గిన్నెలో ఇంకో చేప ముక్క పెట్టాడు. ముప్ఫయ్యేళ్లుగా ఆ గొంతు అతనికి తెలుసు. తొక్కల గురించి మాట్లాడేటప్పటి గొంతు వేరు.

"హుయ్‌జూ," అంది సూచిన్. "నీ పని గురించి కూడా అన్నాడు. నువ్వేమంటావో ముందు చెప్పు. నీ మాట కాదని నేనేమీ చెయ్యను."

హుయ్‌జూ గిన్నె పక్కకి జరిపింది. "నన్ను తీసెయ్యాలంటే ముందు యిఫాన్ నాలుగు వందల దినుసులూ ఏ సొరుగులో ఉన్నాయో నేర్చుకోవాలి," అంది. "పోయిన వారం అల్లం ఎక్కడుందని నన్నే అడిగాడు. అల్లం. నా సంగతి నేను చూసుకుంటాను. మీరు చెప్పండి."

సూచిన్ చాప్‌స్టిక్స్ గిన్నె మీద అడ్డంగా పెట్టింది. అత్తగారికి కూడా వినబడాలని గొంతు పెంచింది.

"ఆదివారం వెళ్తాను. నా వంతు వచ్చినప్పుడు వేదిక ఎక్కుతాను. మొదటి చెయ్యి బయటికి రాగానే తెర పక్కకి లాగి, ఆ మనిషి మొహం చూసి, అమ్మా నీకేం బాధ అని అడుగుతాను. నాలుక చూపించమంటాను. చెయ్యి రెండు వైపులా చూస్తాను. ఎంతసేపు పడితే అంతసేపు. తర్వాత జనం వైపు తిరిగి, పన్నెండు రోజుల కిందట నేను ఏం చేశానో చెబుతాను. షియూ ఒప్పుకుంటే పేరుతో, ఒప్పుకోకపోతే పేరు లేకుండా. డాక్టరు దగ్గర నోరు మూసుకుని కూర్చోకండి, ఏ డాక్టరైనా మూసుకోమంటే లేచి వచ్చెయ్యండి అని చెబుతాను."

"మైకు లాగేసుకుంటారు," అన్నాడు గెన్‌షెంగ్.

"లాక్కోనీ. ముప్ఫయ్యేళ్లుగా ఇంట్లో అత్తయ్యతో మాట్లాడుతున్నాను. నాకు మైకు ఎందుకు?"

"ఏమంటోంది?" అంది అత్తగారు.

"మరి సోమవారం?" అడిగింది హుయ్‌జూ.

"సోమవారం ఏడింటికి, ఎప్పటిలా, కొట్టుకి వెళ్తాను. నన్ను పొమ్మనాలంటే యిఫాన్ రోగుల వరస ముందు నిలబడి, ఎందుకు పొమ్మంటున్నాడో కారణంతో సహా చెప్పాలి. చెప్పేదాకా కదలను. కుర్చీలో ఆ కౌంటీ ఆయన కూర్చుని ఉంటే ఉండనీ, పెద్దాయన. నేను నిలబడి చూస్తాను. నిలబడి నాడి చూడకూడదని ఏ పుస్తకంలోనూ లేదు."